చలికి వేళ్లు తెల్లబడే వాళ్లకు: కోరాపుట్ కొండల మీద ముందు దేనికి డబ్బు పెట్టాలి?

కార్తీకం దాటిందంటే దక్షిణ ఒడిశాలోని కోరాపుట్, సునాబేడా, పొట్టంగి వైపు తెల్లవారుజామున కుళాయి నీళ్లు ఎలా ఉంటాయో ఇక్కడి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నీళ్లకు అందరి వేళ్లూ కొంకర్లు పోతాయి. కొందరికి మాత్రం అంతటితో అయిపోదు. ఒకటి రెండు వేళ్లు కణుపు దగ్గర నుంచి కొస దాకా సున్నం పూసినట్టు తెల్లబడి మొద్దుబారతాయి. కాసేపటికి నీలంగా మారతాయి. వెచ్చబడ్డాక ఎర్రగా అయి, జివ్వుమని లాగుతూ మంట పెడతాయి. దీన్ని రేనో సమస్య అంటారు. 1862లో మారిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు దీని గురించి వివరంగా రాశాడు, అందుకే ఆ పేరు.

చలి తగిలితే వేళ్ల చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకోవడం ఎవరికైనా జరిగేదే. ఒంట్లో వేడి బయటికి పోకుండా శరీరం చేసుకునే ఏర్పాటు అది. రేనో ఉన్నవాళ్లకు ఆ ముడుచుకోవడం మోతాదు మించుతుంది. కొద్దిపాటి చలికే, ఒక్కోసారి ఉత్త టెన్షన్‌కి కూడా, నాళాలు బిగుసుకుపోతాయి. అందుకని "ఒంట్లో రక్తం తక్కువైంది, దానిమ్మ తినమ్మా" అనే సలహా ఈ సమస్యకు పనిచేయదు. నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఇది ఉంటుంది, ఆడవాళ్లలో ఎక్కువ. నాకూ ఉంది.

ఏం కొనాలని వెతికితే అందరూ ముందు చెప్పేది ఉన్ని గ్లౌజులు. మంచు కురిసే దేశాల వాళ్లకు అది సరైన సలహానే. మన దగ్గర వేళ్లను పట్టేది ఎక్కువగా నీళ్లు. అంట్లు, బట్టలు, వాకిట్లో కళ్లాపి, కూరగాయలు కడగడం, పొద్దున్నే స్నానం. ఆ తర్వాత బైకు మీద తగిలే గాలి. ఉన్ని గ్లౌజులు వేసుకుని అంట్లు తోమలేం కదా. కాబట్టి నా లెక్కలో డబ్బు పెట్టే వరస వేరు: ముందు వేడి నీళ్లు, తర్వాత ఒంటికి మంచి ఉన్ని బట్టలు, గ్లౌజులు ఆ తర్వాతే. వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది.

మీది ఏ రకం?

రేనోలో రెండు రకాలు. మొదటిది ఏ జబ్బూ లేకుండా దానంతట అదే వచ్చేది. సాధారణంగా 15 నుంచి 30 ఏళ్ల మధ్య మొదలవుతుంది. రెండు చేతులకూ ఇంచుమించు ఒకేలా వస్తుంది, బొటనవేళ్లను చాలావరకు వదిలేస్తుంది, పుండ్లు పడవు. చిరాకే గానీ ప్రమాదం లేదు. ఈ రకం వాళ్లకు కింద చెప్పే ఇంటి జాగ్రత్తలే చాలావరకు సరిపోతాయి.

రెండోది లోపల ఇంకో జబ్బు ఉండి, దాని వల్ల వచ్చేది. లూపస్ (శరీరంలోని రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు), కీళ్లవాతం లాంటివి కావచ్చు. వీటిలో ముఖ్యమైనది చర్మం బిగుసుకుపోయే స్క్లిరోడెర్మా. ఆ జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 90 మందికి పైగా రేనో ఉంటుంది, చాలామందిలో మిగతా లక్షణాల కంటే ముందే మొదలవుతుంది. 30, 40 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనా, ఒక చేతికే లేదా ఒకే వేలికి వస్తున్నా, నొప్పి విపరీతంగా ఉన్నా, వేలి కొసన మానని పుండు పడినా ఈ రెండో రకాన్ని అనుమానించాలి. ఉంగరం తీయలేనంతగా వేళ్లు ఉబ్బడం, చర్మం బిగిసి మెరవడం, కీళ్ల నొప్పులు, నోరు ఎండిపోవడం, ముద్ద మింగడం కష్టమవడం, ఆయాసం కూడా అలాంటి సూచనలే. వీటిలో ఏది ఉన్నా గ్లౌజుల బేరం పక్కన పెట్టి ముందు డాక్టరును కలవాలి.

పొగాకు అలవాటున్న మగవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. 45, 50 ఏళ్లలోపు మగవాళ్లకు కాలివేళ్లు గానీ చేతివేళ్లు గానీ చల్లబడి, రంగు మారి, నడిస్తే పాదమో పిక్కో పట్టేసి, చివరికి కొసన నల్లగా కుళ్లే జబ్బు ఉంది. దాని పేరు బర్జర్స్. బీడీలు తాగేవాళ్లలో ఎక్కువగా చూస్తాం. దీనికి పొగాకు పూర్తిగా మానడం తప్ప జబ్బును ఆపే దారి లేదు. "రోజుకి రెండే" అన్నా లాభం లేదు. చుట్ట, అడ్డపొగ, గుట్కా అన్నీ ఒకటే లెక్క. మామూలు రేనో ఉన్నవాళ్లకు కూడా నికోటిన్ నాళాలను ఇంకా బిగిస్తుంది.

రాళ్ల క్వారీలో డ్రిల్లింగ్, ఫ్యాక్టరీలో గ్రైండర్, అడవిలో మోటారు రంపం లాంటి అదిరే పనిముట్లతో ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లకు వేళ్లు తెల్లబడటం వృత్తి వల్ల వచ్చే జబ్బు. డాక్టరుకు మీ పనేమిటో మీరే చెప్పాలి. వాళ్లు అడిగేదాకా ఆగకండి.

కొన్ని మందులు కూడా కారణమే. మైగ్రేన్‌కీ చేతి వణుకుకీ రాసే ప్రొప్రనొలోల్, బీపీకి రాసే అటెనొలోల్, మైగ్రేన్ మాత్రల్లో కొన్నింటిలో ఉండే ఎర్గొటమిన్, ముక్కు దిబ్బడ తగ్గించే జలుబు మాత్రలు వేళ్లకు పడవు. అలాగని గుండెకో బీపీకో వాడేదాన్ని సొంతంగా ఆపేయకండి. హఠాత్తుగా ఆపడం ఇంకా ప్రమాదం. రాసిన డాక్టరునే మార్చమని అడగండి.

రేనోలా కనిపించే వేరే సమస్యలూ ఉన్నాయి. చేతులు ఎప్పుడూ చల్లగా, పాలిపోయి ఉంటే రక్తహీనత, థైరాయిడ్ చూపించుకోవాలి. చలి తగిలిన కొన్ని గంటల తర్వాత వేళ్లు ఎర్రగా ఉబ్బి దురద పెడితే అది చిల్‌బ్లెయిన్స్. రంగు మారకుండా రాత్రుళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేపితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం కావచ్చు. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్టు పరీక్షకు దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఇక దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు. ఆ జబ్బు ఉన్నవాళ్లకు చలి వల్ల ఎముకల నొప్పి దాడి మొదలవ్వచ్చు. అది రేనో కాదు గానీ చలి నుంచి కాపాడుకోవడం వాళ్లకూ అంతే అవసరం.

ఇంకో మాట. చామనఛాయ, నల్లటి చేతుల మీద ఈ తెలుపూ నీలమూ పుస్తకంలో బొమ్మల్లా స్పష్టంగా కనిపించవు. వేలి పైభాగం చూస్తే ఏమీ తెలియదు. అరచేతి వైపు, గోళ్ల కింద చూడండి, పక్క వేలితో పోల్చండి.

వేడి నీళ్లు: గీజరా, రాడ్డా, పొయ్యా

చాలా ఇళ్లలో గీజర్ స్నానాల గదిలో పెట్టించి వంటింటి కుళాయిని వదిలేస్తారు. స్నానం పది నిమిషాలు, అదీ ఒకసారి. వంటింట్లో చేతులు తడిసేది రోజుకి ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టరు. ఒక్క గీజరుకే డబ్బు ఉంటే అది వంటింట్లో ఉండాలని నేనంటాను. స్నానానికి బకెట్ నీళ్లు పొయ్యి మీద కూడా కాగుతాయి.

వంటింటికి 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ చాలు. చోటు తక్కువ పడుతుంది, కుళాయి తిప్పిన కాసేపటికే గోరువెచ్చటి నీళ్లు వస్తాయి. ఇది ఎక్కువగా 3000 వాట్లు తీసుకుంటుంది, కాబట్టి మామూలు ప్లగ్గు చాలదు, పెద్ద ప్లగ్గు, సరైన వైరింగు కావాలి. కరెంటు డిమ్ముగా ఉండే ఊళ్లలో ఇది సరిగా కాగదు. అలాంటి చోట 10 లేదా 15 లీటర్ల స్టోరేజి గీజర్ మేలు. వాటిలో చాలావరకు 2000 వాట్లవే. నిదానంగా కాగినా కాగిన నీళ్లు నిలవ ఉంటాయి.

ఇమ్మర్షన్ రాడ్డు చవక. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు, చదువుకునే పిల్లలకు వేరే దారి ఉండదు, కాదనను. కానీ మొద్దుబారిన వేళ్లకు రాడ్డు అంత మంచిది కాదు. నీళ్లు ఎంత కాగాయో వేలికి తెలియదు, ముంచి చూస్తే కాలుతుంది. ప్లగ్గు తీసేదాకా నీళ్లను ముట్టుకోకూడదు. ఇనప బకెట్టులో వాడకూడదు. గ్యాస్ గీజర్ తలుపులు మూసిన స్నానాల గదిలో అసలు వద్దు, అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, ప్రాణం తీస్తుంది.

గీజరు పెట్టించుకోలేని వాళ్లకు మందపాటి రబ్బరు గ్లౌజులు పెద్ద ఊరట. పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు నీటి చలిని ఆపవు. మీ సైజు కంటే ఒకటి పెద్దది తీసుకుని, లోపల పల్చటి నూలు గ్లౌజులు వేసుకోండి. బిగుతుగా ఉంటే రక్తాన్ని అదీ అడ్డుకుంటుంది. మణికట్టు దాటి మోచేయి దగ్గరికి వచ్చే పొడవు ఉండాలి. లోపలికి నీళ్లు పోతే తడి నూలు వేళ్లను ఇంకా చల్లబరుస్తుంది, వెంటనే విప్పేయాలి.

అంట్లు ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పడం వీటన్నిటికంటే చవక. కాకపోతే అది ఏ కొట్లోనూ దొరకదు.

వేసవిలోనూ ఫ్రిజ్ ఉంది, ఏసీ ఉంది. ఫ్రీజర్‌లోంచి ఏది తీసినా గుడ్డతో పట్టుకోండి. ఏసీ బోగీలో ఒక శాలువా దగ్గర పెట్టుకోండి.

స్వెటరా, గ్లౌజులా

చేతులు చల్లబడుతుంటే చేతులకే ఏదో తొడగాలని అనిపిస్తుంది. ఛాతీ, పొట్ట చల్లబడినా మెదడు ముందు వేళ్ల నాళాలనే మూయిస్తుంది. ఒంటికి వెచ్చదనం లేకపోతే ఎంత ఖరీదైన గ్లౌజులైనా వేళ్లను కాపాడలేవు. లోపల థర్మల్ బనీను, పైన స్వెటరు, మెడకు మఫ్లర్, కాళ్లకు మేజోళ్లు. వీటికి పెట్టిన డబ్బు ముందు పనిచేస్తుంది. చలికాలంలో టిబెటన్లు పెట్టే ఉన్ని బట్టల దుకాణాల్లో అచ్చమైన ఉన్నీ, యాక్రిలిక్ రెండూ ఉంటాయి. యాక్రిలిక్ చవక, ఉతుక్కోవడం సులువు, ఇంట్లోకి ఫర్వాలేదు. బయటికైతే అందులోంచి గాలి దూరుతుంది, పైన విండ్‌చీటర్ ఉండాలి. అచ్చమైన ఉన్ని కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది. నూలు బనీను చెమటకు తడిసిందంటే మాత్రం ఒళ్లంతా చల్లబడుతుంది. కొండ ఎక్కి దిగే పనులున్నవాళ్లు దీన్ని గమనించుకోవాలి.

గ్లౌజుల్లో వేలికో అర ఉన్నవాటికంటే నాలుగు వేళ్లూ కలిసి ఉండే మిట్టెన్లు వెచ్చన. పని చేసుకోవడానికి మాత్రం కుదరవు. పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లకు మిట్టెన్లు, కొట్లో కూర్చుని చిల్లర లెక్కపెట్టేవాళ్లకు సన్నటి ఉన్ని గ్లౌజులు బాగుంటాయి. వేలి కొసలు బయటికి ఉండే సగం గ్లౌజులు మనకు దండగ, పట్టేది ఆ కొసలనే కదా. ఒకటి గుర్తుంచుకోండి. గ్లౌజులు వేడిని పుట్టించవు, ఉన్న వేడిని నిలుపుతాయంతే. చేతులు చల్లబడ్డాక తొడిగితే లాభం తక్కువ, గడప దాటకముందే తొడుక్కోవాలి.

బైకు మీద ఉన్ని గ్లౌజులు పనికిరావు, గాలి నేరుగా దూరుతుంది. పైన గాలి చొరని తోలు లేదా రెక్సిన్, లోపల మెత్తటి అస్తరు ఉన్నవి కావాలి. బిగుతుగా ఉంటే బ్రేకు పట్టేటప్పుడు వేళ్లు ఇంకా మొద్దుబారతాయి. హ్యాండిల్‌కి తగిలించే మందపాటి కవర్లు ఇంకా మేలు, గ్లౌజుల మీద అదనంగా కాపాడతాయి. చూడ్డానికి బాగోవని కుర్రాళ్లు పెట్టుకోరు. సుంకి ఘాటీ కొండదారిలో తెల్లవారుజామున బ్రేకు మీద వేలు ఉందో లేదో తెలియకుండా మలుపులు దిగడం మాత్రం బాగుంటుందా? వేళ్లు మొద్దుబారితే బండి పక్కన ఆపి, చేతులు చంకల్లో పెట్టుకుని, తిమ్మిరి పూర్తిగా పోయాకే బయల్దేరండి.

వేళ్లు తెల్లబడ్డాక ఏం చేయాలి

డబ్బు ఖర్చు లేని పద్ధతులే ముందు. చలిలోంచి లోపలికి రండి. భుజం దగ్గర నుంచి చేతిని గుండ్రంగా, పెద్దగా తిప్పండి, రక్తం కొసలకు చేరుతుంది. చంకల్లో పెట్టుకోండి. ఇంట్లో ఉంటే గోరువెచ్చటి నీళ్లలో ముంచడం అన్నిటికంటే మేలు. నీళ్లు వేడిగా ఉండకూడదు, మోచేతితో చూసుకోండి, లేదా ఇంట్లో వాళ్లను చూడమనండి. మామూలుగా పావుగంట, ఇరవై నిమిషాల్లో రంగు తిరిగి వస్తుంది.

రబ్బరు వేడినీళ్ల సంచీని నేరుగా చేతిలో పట్టుకుంటే కాలినా తెలియదు. తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకోవడం మంచిది. పొట్ట వెచ్చబడితే వేళ్లూ వాటంతట అవే వెచ్చబడతాయి. ప్యాకెట్టు విప్పగానే వేడెక్కే హీట్ ప్యాకులు కొన్ని గంటలు పనిచేస్తాయి, కానీ ఒక్కసారికే. రోజూ వాడేవాళ్లకు చార్జింగ్ పెట్టుకునేవి నయం. ప్రయాణాలకు తప్ప నేను రెండూ కొనమనను.

కుంపటి, చలిమంట మన వైపు అలవాటే. ఆరుబయట కొంచెం దూరంగా కూర్చుని ఒళ్లు కాచుకుంటే తప్పులేదు. తెల్లబడ్డ వేళ్లను నిప్పుల మీద పెట్టి కాచడం మాత్రం వద్దు, బొబ్బలు వచ్చాక గానీ తెలియదు. రాత్రి తలుపులు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం రేనో ఉన్నా లేకపోయినా ప్రాణాంతకమే.

కర్పూరం వేసిన నూనెతో మర్దన చేస్తే వెచ్చగా అనిపిస్తుంది. అనిపించడం వేరు, నాళం తెరుచుకోవడం వేరు. పుండు లేకపోతే మర్దనతో నష్టం లేదు, చర్మం పగలకుండా ఉంటుంది. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. చోడి అంబలి వేడివేడిగా తాగితే ఒళ్లు వెచ్చబడుతుంది, గిన్నె పట్టుకున్న చేతులకూ సుఖం.

మందులు

జాగ్రత్తలతో తగ్గనప్పుడు డాక్టర్లు ముందుగా రాసేవి బీపీ మాత్రల్లోనే ఒక రకం: నిఫెడిపిన్ లేదా అమ్లోడిపిన్. ఇవి నాళాలను సడలించి, వేళ్లు తెల్లబడే సార్లను, తీవ్రతను తగ్గిస్తాయి. పూర్తిగా పోగొట్టవు. నిఫెడిపిన్ మీద అనుభవం ఎక్కువ. నిదానంగా విడుదలయ్యే రకాన్నే వాడాలి. అమ్లోడిపిన్ రోజుకి ఒకటి, ఏ చిన్న మందుల షాపులోనైనా, జన ఔషధిలోనైనా తక్కువ ధరకు దొరుకుతుంది. రెంటికీ తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చీలమండల వాపు రావచ్చు. మామూలుగానే బీపీ తక్కువుండి లేవగానే కళ్లు తిరిగేవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. మొదటి రకం రేనో వాళ్లలో చాలామంది చలికాలం వరకే వాడి ఆపుతారు, ఏడాదంతా మింగాల్సిన పనిలేదు. ఇంట్లో అత్తగారి బీపీ మాత్ర ఇదే కదా అని ఒకటి తీసి వేసుకోవడం మాత్రం వద్దు.

అవి పనిచేయకపోతే లోసార్టన్, సిల్డెనఫిల్ లాంటివి ఉన్నాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనఫిల్ వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. పుండ్లు పడి మానని వాళ్లకు ఆసుపత్రిలో చేర్చుకుని ఐలోప్రాస్ట్ అనే మందు రక్తనాళంలోకి ఎక్కిస్తారు.

కోరాపుట్‌లోనా, విశాఖలోనా

వేలి రంగు మారితే మనవాళ్లు చర్మం డాక్టరు దగ్గరికో నరాల డాక్టరు దగ్గరికో పోతారు. ముందు వెళ్లాల్సింది జనరల్ మెడిసిన్‌కి, అనుమానం బలపడితే రుమటాలజిస్టు (కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులు చూసే డాక్టరు) దగ్గరికి. మొదటి విడతకు ఘాటీ దిగి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖకు పోనక్కర్లేదు. రక్త పరీక్ష, ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్ఆర్, థైరాయిడ్, మూత్ర పరీక్ష కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి లాంటి చోట మొదలుపెట్టించుకోవచ్చు. ముఖ్యమైన పరీక్ష ఏఎన్ఏ, సొంత కణాల మీదే దాడి చేసే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయేమో చూసేది. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ వస్తుంది. లక్షణాలతో కలిపి చూడాలి. గోరు మొదట్లోని సన్న నాళాలను పెద్దది చేసి చూసే పరీక్ష ఇంకోటి ఉంది. అందులో తేడా కనిపించినా, పైన చెప్పిన రెండో రకం సూచనలున్నా అప్పుడు విశాఖ ప్రయాణం పెట్టుకోండి. భాష కూడా చిన్న విషయం కాదు. తిమ్మిరికీ మంటకీ లాగడానికీ తేడాను తెలుగులో చెప్పినంత వివరంగా ఒడియాలో చెప్పలేని పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. అలాంటప్పుడు ఒడియా బాగా వచ్చిన పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.

మధ్యాహ్నం ఓపీలో కూర్చునేసరికి వేళ్లు మామూలుగా ఉంటాయి, చూపించడానికి ఏమీ ఉండదు. అందుకని వేళ్లు తెల్లబడినప్పుడే ఫోనుతో వెలుతురులో అరచేతి వైపు ఫొటోలు తీసుకోండి, నీలమైనప్పుడు ఇంకోటి, ఎర్రబడ్డాక ఇంకోటి. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి, జలుబు మాత్రలతో సహా.

వెచ్చబరిచినా గంటలు గడిచినా రంగు తిరిగి రాని వేలు, నల్లబడుతున్న కొస, చీము పట్టిన పుండు, హఠాత్తుగా చల్లబడి భరించలేని నొప్పి పుట్టిన చెయ్యి లేదా కాలు, వేళ్లతో పాటు పెదవులూ నీలంగా మారడం: వీటిలో ఏది కనిపించినా అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. చెయ్యో కాలో ఒక్కసారిగా చల్లబడితే నాళం పూడుకుపోయి ఉండొచ్చు, దాన్ని కాపాడటానికి ఉండే సమయం కొన్ని గంటలే. అప్పుడు తెలిసిన డాక్టరు విశాఖలో ఉన్నాడు, పొద్దున్న బండికి పోదాం అని ఆగకండి. ముందు దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లండి, అవసరమైతే వాళ్లే పంపిస్తారు. అంబులెన్స్‌కి ఒడిశాలోనూ 108.